ప్రసంగానికి ముందు రక్తం

మా ఆయన యల్లమంద మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయనకు తెలియని విషయం లేదు. హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే మా సాయి ప్రియ ఫోన్ చేసి, "నాన్నా, నిద్ర పట్టట్లా, తల పగిలిపోతంది. ఇంటికొచ్చి ఇక్కడే చదువుకుంటా" అని మూడుసార్లు ఏడ్చింది. "పదహారేళ్ళకి టెన్షనేందే? టెన్షనంటే మాది, ఎలక్షన్లప్పుడు!" అని మూడుసార్లూ ఫోన్ పెట్టేశారు.

ఇంతటి అనుభవజ్ఞుణ్ణి మా నాయకులు హనుమంతరావు గారు 'టెన్షన్ లేని నరసరావుపేట' పథకానికి కన్వీనర్ని చేశారు. తన ప్రసంగం వింటే ఏ వయసు మెదడైనా చల్లబడుతుందని, సైన్సు ప్రకారం నిరూపిస్తానని నాయకులు ప్రకటించారు. ప్రసంగానికి ముందొకసారి, తరువాతొకసారి రక్తపరీక్ష.

రక్తపరీక్షలు చేయడానికొచ్చిన డాక్టర్ సమ్రీన్ వివరించింది. ఒత్తిడి వస్తే మెదడు ఇన్‌ఫ్లమేషన్, అంటే లోపలి వాపు, సంకేతాలు పంపుతుందట, వయసును బట్టి ఆ తీరు మారుతుందట. "రక్తంలో దాని జాడ కొంతే దొరుకుద్ది సార్."

"కొంత చాల్లేమ్మా" అన్నారు నాయకులు.

కుర్రకారు వరస నిండక కార్యకర్తల పిల్లల్ని రప్పించారు. ఆ పుణ్యాన మా అమ్మాయికి ఒకరోజు సెలవు దొరికింది. పెద్దల వరసలో మా అత్తగారు కూర్చున్నారు. మైకులో మాట ఆగినప్పుడల్లా చప్పట్లు కొట్టాలని మా ఆయన అందరికీ నేర్పారు.

ప్రసంగం నాలుగు గంటలు సాగింది. గేటుకు తాళం వేసినందువల్ల ఒక్కరూ లేచి పోలేదు.

ఆ తాళం తీయకముందే వేదిక మీదికి రిపోర్టులొచ్చాయి. పిల్లల అంకెలు రెట్టింపయ్యాయి. పెద్దలవి కదల్లేదు.

"చూశారా, పెద్దలు నా పాలనలో ఎంత చల్లగున్నారో!"

"వాళ్ళకి ముందే చానా ఎక్కువుంది సార్. ఇంక పెరగటానికి చోటు లేదు."

"'పెరగలేదు' దాకా రాయమ్మా. ఆ పిల్లలకి ఓట్లున్నాయా?"

"లేవు సార్."

"అయితే తీసెయ్."

డాక్టరమ్మ ఒక కాగితం దగ్గర ఆగింది. "ఇవి తారుమారైనట్టున్నయ్ సార్. ప్రసంగానికి ముందే ఈ పదహారేళ్ళ పాపకీ ఆ డెబ్బై ఆరేళ్ళ మామ్మకీ ఒకటే అంకె."

మళ్ళీ పరీక్షించారు. మళ్ళీ అదే.

ఇద్దరూ మా ఇంటివాళ్ళే.

నాయకులకు పరిష్కారం తట్టడానికి అరనిమిషం పట్టలేదు. "ఏందయ్యా ఇందులో కష్టం? యల్లమందా, ఆ పిల్ల వయసు డెబ్బై ఆరని రాసెయ్!"

మా ఆయన పెన్ను తీశారు. కాగితం మీద పేరు చదివారు. ఇంకోసారి చదివారు. పెన్ను మూత పెట్టేసి, ఎదురుగా మైకుందన్న సంగతి కూడా మరిచిపోయి, మా అమ్మాయి వైపు తిరిగారు.

"తప్పు నాదేనమ్మా. పద, హాస్టల్ నించి నీ పెట్టె తెచ్చుకుందాం."

మాట ఆగగానే సభ చప్పట్లు కొట్టింది. నాయకులు లేచి నమస్కారం పెట్టారు.