ఇంజను చప్పుడుకు ముందస్తు క్షమాపణ

ఏప్రిల్ పదిహేడు, గురువారం. ఉదయం హొసాకా అన్నం, ముల్లంగి పచ్చడి, రాత్రి మిగిలిన కాల్చిన చేపముక్క తిన్నారు. ఆ రోజు పని ఒక్కటే: కారుకు నాలుగు స్పార్క్ ప్లగ్‌లు, వాటి వైర్లు మార్చడం. మర్నాడు పదింటికి సర్కారు తనిఖీ. అందులో తప్పితే తుక్కుకు ఇచ్చేస్తానని కూతురికి మాటిచ్చారు. ఇరవై తొమ్మిదేళ్ళ ఆ చిన్న కారు ఆయన భార్య ఫుమియేది. ఆమె పోయి రెండేళ్ళయింది. డ్రైవరు సీటు ఇంకా ఆమె కాళ్ళకు అందేంత ముందుకే ఉంది. ఆయన మోకాళ్ళు ముడుచుకునే నడుపుతున్నారు.

ముందురోజు దుకాణంలో అన్నిటికన్నా ఖరీదైన ప్లగ్‌లు పట్టుకుంటే, యజమాని మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"ఈ కారుకు ఇవెందుకండీ? దాని పుస్తకంలో ఉన్న నంబరువే చాలు. వైర్లు మాత్రం ఒకటి పీకి, ఆ చోట కొత్తది పెట్టాకే రెండోదాని జోలికెళ్ళండి. అన్నీ ఒకేసారి పీకారా, ఏది ఎక్కడిదో దేవుడికి కూడా తెలీదు."

ఇంజను చప్పుడు చేస్తుంది కాబట్టి ముందే ఇరుగుపొరుగుకు చెప్పుకోవాలి. హొసాకా మిఠాయి పెట్టెలతో ఆరిళ్ళూ తిరిగారు. ఆ వీధిలో అలా అన్ని గడపలూ తొక్కేది కొత్తగా దిగినవాళ్ళో, ఇల్లు ఖాళీ చేసేవాళ్ళో. పెట్టె చూడగానే పక్కింటి నగావో ముఖం వాడిపోయింది.

"ఇబ్బంది పెడుతున్నాను, మన్నించాలి," అన్నారు హొసాకా.

"ఎప్పుడండీ?"

"రేపు పదింటికి వెళ్ళాలి. ఇవాళే అంతా సిద్ధం చేసుకోవాలి."

"ఇంత హఠాత్తుగానా?"

"ఎన్నాళ్ళని వాయిదా వేస్తాను చెప్పండి?"

ఆమె పెట్టె లోపల పెట్టి, గబగబా ఎదురింటికి వెళ్ళింది.

ముప్ఫై ఏళ్ళు గ్రంథాలయంలో పుస్తకాలు సర్దిన మనిషి హొసాకా. నాలుగు వైర్లూ పీకి, వరస తప్పకుండా పాత పేపరు మీద పేర్చి, చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళారు. కాలని చెత్త నెలకొక్కసారే తీసుకెళ్తారు, అది ఆ రోజే. వెళ్ళిపోయే మనిషికి పాతవి పారేసే శ్రమ ఎందుకని నగావో పేపరుతో సహా వైర్లన్నీ సంచిలో వేసి, వీధి చివర పెట్టేసి వచ్చింది.

హొసాకా కొత్త ప్లగ్‌లు బిగించి, కొత్త వైర్లు గుర్తున్నంతలో తగిలించి తాళం తిప్పారు. కారు ఒకసారి దగ్గి, ఢామ్మని పేలి, నల్లటి పొగ వదిలింది. ఆ చప్పుడుకు ఆరిళ్ళవాళ్ళూ బయటికొచ్చారు, చేతుల్లో వీడ్కోలు కానుకలతో. ఒకరు పచ్చడి జాడీ ఇచ్చారు, ఒకరు తువ్వాళ్ళు ఇచ్చారు. ఎదురింటాయన బట్టలారేసే గడ విప్పడం మొదలెట్టాడు.

"మీరు కదలకండి, నేను కట్టి పెడతాగా."

హొసాకా అందరికీ వంగి దణ్ణం పెడుతూనే ఉన్నారు. చివరికి ధైర్యం చేసి, "నేనెక్కడికీ పోవడం లేదండీ. కారు తనిఖీ, అంతే," అన్నారు. గడ మళ్ళీ దాని చోటికి చేరింది. "మరి నా వైర్లేవి?" అని ఆయన అడగ్గానే నగావో నోటి మీద చెయ్యి వేసుకుంది. చెత్తబండి వెళ్ళి అరగంటయింది.

అప్పుడొచ్చాడు కువాదా. వీధిలో చెత్త వేరుచేయడం మీద నిఘా ఆయనది. ఆయన్ను చూస్తే అందరికీ హడలు. చేతిలో ఎర్రచీటీ అంటించిన సంచి.

"రబ్బరూ పేపరూ ఒకే సంచిలోనా? బండివాళ్ళు ముట్టలేదు."

"అందులో పేరు లేదుగా, మాదని ఎలా తెలిసింది?" అన్నారు హొసాకా.

"మీ ఆవిడ గోళ్ళరంగు నాకు తెలీదా? ఆరేళ్ళ కిందట వైర్లు మార్చినప్పుడూ పాతవి ఇలాగే పడేసింది. అప్పుడూ నేనే తిప్పి పంపాను."

ఆ పని మెకానిక్కు చేశాడనుకుంటున్నారు హొసాకా ఇన్నాళ్ళూ. ఒక్కో వైరు చివర, పీకేటప్పుడు ఆయన గమనించని గులాబిరంగు చుక్కలు: ఒకటి, రెండు, మూడు, నాలుగు. వైర్లన్నీ బయల్దేరే మూత మీద జిడ్డు తుడిస్తే, అక్కడా అవే చుక్కలు. ఒక చుక్క దగ్గర్నుంచి మొదటి ప్లగ్‌కు, రెండు చుక్కల దగ్గర్నుంచి రెండోదానికి, ఆమె చెప్పినట్టే తగిలించారు. ఈసారి ఇంజను ఎంత మెత్తగా తిరిగిందంటే, నగావో దగ్గరికొచ్చి అడిగింది: "నడుస్తోందా?"

చీకటి పడ్డాక ఆయన ఫుమియే గోళ్ళరంగు సీసా వెతికి, కొత్త వైర్ల మీద చుక్కలు పెట్టారు. సీటు వెనక్కి జరపబోయి మానేశారు. తర్వాత కారు షెడ్డు తలుపును రెండు చేతులా పట్టుకుని, అంగుళం అంగుళంగా మూశారు. చప్పుడైతే మళ్ళీ ఆరు మిఠాయి పెట్టెలు కొనాలి.