ప్రార్థన పెట్టెలో ఎర్ర చీటీ

ఆ శుక్రవారం ఉదయం జనార్ధనరావు మూడు పనులు పెట్టుకున్నాడు. పదింటిలోపు హీబ్రూ వాక్యం సంగతి తేల్చడం, నాచారంలోని మందిరానికి వెళ్ళి ప్రార్థన పెట్టెలో భార్య మోకాలి గురించి చీటీ వేయడం, ఆ తర్వాత బాలరాజుతో కలిసి టీ తాగడం. వీటిలో మధ్య పని ఒక్కటి సవ్యంగా చేసి ఉంటే, ఆరోజు ఒక పెద్దమనిషి లుంగీతో పోలీసు జీపు ఎక్కేవాడు కాదు.

జనార్ధనరావు ఉప్పల్ దగ్గర ఒక ప్రభుత్వ ప్రయోగశాలలో ముప్పై రెండేళ్ళు సీసాలకు చీటీలు రాసి రిటైరయ్యాడు. అక్షరాలు అచ్చుపోసినట్టు ఉండేవి. వాటిని మెచ్చుకున్నవాళ్ళే గాని, ఆయన నోటితో చెప్పే మాట విన్నవాళ్ళు ఆ ముప్పై రెండేళ్ళలో ఎవరూ లేరు. పదవీ విరమణ సభలో కూడా ఆయన "అందరికీ" అనగానే కరెంటు పోయింది. ఆ లోటు తీర్చుకోవడానికే అన్నట్టు, ఫోన్లో వీడియోలు చూసి రెండేళ్ళు హీబ్రూ నేర్చుకున్నాడు. కుడి నుంచి ఎడమకు చదివీ చదివీ మెడ పట్టేసింది గాని పట్టు వదలలేదు. చివరికి పాస్టరు కనకరాజు కనికరించి, వచ్చే ఆదివారం కూడికలో మాట్లాడటానికి ముప్పై నిమిషాలు ఇచ్చాడు. ఆ ముప్పై నిమిషాల కోసం జనార్ధనరావు వారం రోజులుగా నిద్రలో కూడా గొంతు సవరించుకుంటున్నాడు.

ఎంచుకున్న వాక్యం మాత్రం అంత శుభప్రదమైనది కాదు. జబ్బుపడి మంచమెక్కిన ఒక రాజు దగ్గరికి ప్రవక్త వచ్చి, ఇక నీకు చావే, ఇల్లు చక్కబెట్టుకో అని చెప్పిన మాట అది. తెలుగులో సంఘమంతటికీ కంఠతా వచ్చు. హీబ్రూలో చూస్తే ఆరేడు చిన్న మాటలు. "త్సవ్" అంటే ఆజ్ఞ ఇవ్వు. "లెవేతెఖా" అంటే నీ ఇంటికి. "మేత్ అత్తా" అంటే చచ్చినవాడివి నువ్వు. ఆ మాటల మొరటుతనం చూసి జనార్ధనరావుకు ఒళ్ళు జలదరించింది.

"సామాన్లు సర్దుకోమని కాదు తారా," అన్నాడు ఉప్మా పళ్ళెం పక్కకు జరిపి. "ఇంటికి ఆజ్ఞ ఇవ్వమని. అంటే ఇంట్లోవాళ్ళను కూర్చోబెట్టి, చెప్పాల్సిన మాట ప్రాణం ఉండగానే చెప్పెయ్యమని!"

"నా మీద ఆజ్ఞలు వెయ్యడానికి మీరు హీబ్రూ దాకా వెళ్ళాలా?" అంది తారామణి, మోకాలికి తైలం రాసుకుంటూ. "ముందు ఆ చీటీ రాయండి. రాత్రంతా నొప్పి."

రాశాడు. ఒక పావు కాగితం మీద, ఆదివారం చార్టు మీదకు ఎక్కించడానికని, ఎర్ర స్కెచ్ పెన్నుతో మాటకు మాట దించాడు. 'నీ ఇంటికి ఆజ్ఞ ఇవ్వు. చచ్చినవాడివి నువ్వు. బతకవు.' ఇంకో పావు కాగితం మీద, 'తారామణి మోకాలు' అని రాశాడు. రెండూ నాలుగు మడతలు పెట్టి ఒకే జేబులో వేసుకున్నాడు. సీసాకొక చీటీ చొప్పున ముప్పై రెండేళ్ళలో ఒక్కసారి కూడా మార్చి అంటించని మనిషి.

మందిరం గేటుకు ఆకుపచ్చ రేకు పెట్టె ఒకటి వేలాడుతుంది. అందులో ఎవరైనా చీటీ వేయవచ్చు. సంఘస్థులే కాదు, పరీక్షల ముందు పిల్లలు, ఫ్యాక్టరీ షిఫ్టు దిగి వెళ్ళేవాళ్ళు, బొట్టు పెట్టుకున్న వీధి ఆడవాళ్ళు కూడా వేస్తారు. పేరు రాయనక్కర లేదు, దేవుడికి తెలుసు కదా అని పాస్టరు గారి సిద్ధాంతం. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఒక్కో చీటీ పైకి చదువుతారు, కూర్చున్న ఆడవాళ్ళందరూ ఆమేన్ అంటారు. జనార్ధనరావు జేబులోంచి చేతికి తగిలిన చీటీ తీసి పెట్టెలో వేసి, తేలికపడ్డ మనసుతో టీకి వెళ్ళాడు.

బాలరాజు అప్పటికే తన డీసీఎం బండికి ఆనుకుని నిలబడ్డాడు. పగలు సామాన్లు, శివరాత్రికి కీసర జాతర జనం, మిగతా కాలమంతా మందిరం గేటుకు అడ్డం, ఇదీ ఆ బండి దినచర్య. గురువారం సాయంత్రమే దాని గురించి పాస్టరుకూ ఆయనకూ పెద్ద రభస జరిగింది. "మీ సంగతి జూస్త!" అని బాలరాజు వీధి వీధంతా వినేలా అరిచాడు కూడా. అయినా జనార్ధనరావుతో మాత్రం పదకొండేళ్ళుగా టీ స్నేహం. ఆయన హీబ్రూ మాటలను నోరు తెరుచుకుని వినే ఏకైక శ్రోత బాలరాజే.

"గా రాజు బతికిండా మరి?" అనడిగాడు, రొమ్ము రుద్దుకుంటూ.

"ఆదివారం చెబుతా. ఏం, నొప్పా?"

"గ్యాస్ సారు. మా ఆమెకు జెప్పకు, దవాఖానా అని లొల్లి జేస్తది."

జనార్ధనరావు చెప్పలేదు. తర్వాత చాలా రోజులు ఆయన్ని కాల్చుకు తిన్నది ఈ మాటే.

పదకొండింటికి పాస్టరు కనకరాజు కళ్ళు మూసుకుని, పెట్టెలోంచి మొదటి చీటీ తీసి, కళ్ళు తెరిచి, అలవాటు చొప్పున రాగం తీస్తూ చదివాడు. "ప్రభువా! నీ ఇంటికి ఆజ్ఞ ఇవ్వు. చచ్చినవాడివి నువ్వు. బతకవు." పద్దెనిమిది మంది ఆడవాళ్ళు "ఆమేన్" అన్నారు. ఆ తర్వాత ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అది లేఖనమని ఒక్కరికీ తట్టలేదు. తట్టదు కూడా, వాళ్ళకు తెలిసిన లేఖనం ఇంత మర్యాద లేకుండా మాట్లాడదు.

"అయ్యగారూ, ఎర్రగ ఉన్నది," అంది ముందు వరసలో ఒకామె.

వెనక వరసకు వెళ్ళేసరికి ఆ ఎరుపు రక్తమైంది. మధ్యాహ్నానికి మేడిపల్లిలో ఉన్న చుట్టాలు ఫోన్ చేసి, పాస్టరు గారికి ఎన్ని పోట్లు పడ్డాయని అడిగారు. పొద్దున బాలరాజు భార్య వెంకటనర్సమ్మ కొంగు చాటున ఒక చీటీ తెచ్చి పెట్టెలో వేయడం ఇద్దరు చూశారు. గురువారం నాటి మాట వీధంతా విన్నది. రెండూ రెండూ కలిపితే నాలుగని తేల్చడానికి సంఘానికి పది నిమిషాలు పట్టింది. పెట్టెలో మిగిలిన చీటీలు ఎవరూ చదవలేదు. పెట్టెను పెట్టెగానే స్టేషనుకు తీసుకుపోయారు, వెనకాలే జీపు వచ్చి బాలరాజును తీసుకుపోయింది. లుంగీ మార్చుకుంటానంటే కూడా ఆగలేదు.

ఇదేమీ తెలియని జనార్ధనరావు ఇంట్లో, జేబు చూసుకోవాలన్న సంగతే తట్టక, ఎర్ర అక్షరాల కాగితం కోసం పరుపులు ఎత్తి చూస్తున్నాడు.

"నువ్వే ఊడ్చి పారేసి ఉంటావు!"

"ఈ మోకాలితో నేను వంగి ఊడ్చి ఎన్ని నెలలైందో మీకు తెలుసా?" అంది తారామణి. ఆయనకు తెలియదు. అంతలో ఫోన్ మోగింది.

"సార్, మీరు జర స్టేషనుకు రావాలె," అన్నాడు పాస్టరు. "నన్ను సంపుతమని ఎవరో రాసిన్రు. చేతిరాత పోల్చాలంట. ల్యాబుల జేసిన్రు గదా, మీకంటె తెలిసినోళ్ళు మన సంఘంల ఎవరున్నరు?"

ఒక్కసారిగా జనార్ధనరావు వెన్ను నిటారైంది. జీవితంలో తొలిసారి ఎవరో ఆయన అభిప్రాయం అడిగారు, అదీ పోలీసులు. అదే చొక్కా తొడుక్కుని, భూతద్దం జేబులో వేసుకుని బయల్దేరాడు.

స్టేషనులో గోడవారగా బెంచీ మీద బాలరాజు కూర్చుని ఉన్నాడు. మొహం బూడిద రంగులో ఉంది. జనార్ధనరావును చూడగానే ఆయన కళ్ళలో ప్రాణం వచ్చింది. "జనార్ధన్ సారు, నువ్వన్న జెప్పు వీళ్ళకు. నాకు రాయనీకె గూడ సరిగ్గ రాదు."

ఎస్సై హిమజ పాలిథిన్ సంచిలో పెట్టిన కాగితం బల్ల మీద పెట్టింది. "చూడండి సార్. ఎవరి రాత?"

జనార్ధనరావు భూతద్దం పెట్టాడు. అచ్చుపోసినట్టున్న అక్షరాలు. ముప్పై రెండేళ్ళు సీసాల మీద నిలబడ్డ అక్షరాలు. భూతద్దం చేతిలోంచి జారి బల్ల మీద పడింది.

సిగ్గు విడిచి చెప్పుకోవాలంటే, ఆయనకు అప్పుడు ముందుగా గుర్తొచ్చింది బాలరాజు కాదు, ఆదివారం నాటి ముప్పై నిమిషాలు. ఇది నాదేనంటే ఇక జన్మలో మైకు దొరకదు. పైగా పాస్టరు పక్కనే నిలబడి ఆశగా చూస్తున్నాడు. "ఇది... నిదానంగా పరిశీలించాలి," అన్నాడు జనార్ధనరావు. "పోల్చడానికి వేరే రాతలు కావాలి."

పెట్టెలోని మిగతా చీటీలు బల్ల మీద గుమ్మరించారు. కాలం గడపడానికి ఒక్కొక్కటే విప్పాడు. ఇంటర్ పాసు కావాలి. కోడలు మారాలి. బోరులో నీళ్ళు పడాలి. నాలుగోది చిరిగిన క్యాలెండరు ముక్క మీద, వంకర అక్షరాలతో ఉంది.

'అయ్యగారికి దండం. మా ఆయినకు నెల సంది రొమ్ముల నొప్పి. ఎడమ చెయ్యి గుంజుతున్నదట. దవాఖానకు రమ్మంటే కసురుతడు. మీతోని కొట్లాడుతడు గని మంచోడే. మీ దేవునికి జర జెప్పుండ్రి. వెంకటనర్సమ్మ.'

జనార్ధనరావు తలెత్తి చూశాడు. బాలరాజు ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకుని ఉన్నాడు. ఫ్యాన్ కిందే ఉన్నా చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఆ క్షణంలో జనార్ధనరావుకు పట్టరాని భయం వేసింది, మైకు గురించి కాదు.

"ఆ ఎర్ర చీటీ నేనే రాశాను!" అని అరిచాడు. "నేనే, నేనే! ముందు ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళండి!"

"మీరా?" ఎస్సై లేచి నిలబడింది. "పాస్టరు గారిని మీరు చంపుతారా?"

"అది వాక్యమమ్మా! హీబ్రూ!"

"అంటే ముందు హీబ్రూలో బెదిరించి, తర్వాత తెలుగులో రాశారా?"

బాలరాజు బెంచీ మీద నుంచి పక్కకు ఒరిగిపోవడంతో ఆ విచారణ అక్కడితో ఆగింది. తీసుకొచ్చిన జీపే ఆయన్ని తీసుకుపోయింది. వెనక సీట్లో పాస్టరు బాలరాజు కాళ్ళు పట్టుకున్నాడు, జనార్ధనరావు ఆయన తల ఒళ్ళో పెట్టుకున్నాడు. ఉప్పల్ సిగ్నల్ దగ్గర నిలిచిపోయిన మూడు నిమిషాల్లో ఇద్దరూ ఏ భాషలోనూ మాట రాక ఏడ్చారు.

గుండె రక్తనాళాల్లో రెండు చోట్ల పూడికలు. ఇంకో గంట ఆలస్యమైతే చెప్పలేమని డాక్టరు అన్నాడు. ఇంట్లోనే ఉంటే గ్యాస్ మాత్ర వేసుకుని పడుకునేవాడని వెంకటనర్సమ్మ అంది. ఆ లెక్కన పోలీసులు పట్టుకుపోవడం వల్లే మనిషి దక్కాడని పాస్టరుకు అనిపించింది, దాన్ని దేవుని కార్యమని ఆసుపత్రి వరండాలోనే సాక్ష్యం చెప్పబోయాడు. వెంకటనర్సమ్మ చూసిన చూపుకు ఆగిపోయాడు.

మర్నాడు జనార్ధనరావు మంచం పక్కన నిలబడితే బాలరాజు గోడవైపు తిరిగాడు. గోడతోనే మాట్లాడాడు.

"పానం దక్కింది, మంచిదే. గని వీధిల అందరి ముంగట లుంగీ మీద గుంజుకపోయిన్రు. గా ఇజ్జత్ ఎవలిస్తరు సారు?"

జనార్ధనరావు తెచ్చిన బత్తాయిలు బల్ల మీద పెట్టి, తల వంచుకుని వచ్చేశాడు.

ఆదివారం మధ్యాహ్నానికి బాలరాజును ఇంటికి పంపించారు. సాయంత్రం కూడికలో, పాస్టరు వద్దంటున్నా వినకుండా, జనార్ధనరావు తన ముప్పై నిమిషాలు తనకు కావాలన్నాడు. మైకు వైరు లాక్కుంటూ గేటు దాకా వచ్చి, స్పీకరును వీధి వైపు తిప్పించాడు. చార్టు చంకలోనే ఉండిపోయింది.

"బాలరాజు ఏ తప్పూ చేయలేదు," అన్నాడు. గొంతు కీచుమంది. "ఆ చీటీ రాసింది నేను. పెట్టెలో వేసింది నేను. స్టేషనులో నా రాతను గుర్తుపట్టి కూడా నోరు మూసుకున్నది నేను. ఆయన నొప్పి అని చెప్పినా ఇంట్లో చెప్పనిది కూడా నేనే." వీధిలో తలుపులు ఒక్కొక్కటీ తెరుచుకున్నాయి. వినేవాళ్ళకు సరిగ్గా వినపడలేదేమోనని అవే మాటలు మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. ముప్పై నిమిషాల్లో పదకొండుసార్లు చెప్పాడు. హీబ్రూ ఒక్క ముక్క ఎత్తలేదు.

ఆయన మైకు దించాక, ఎదురింటి అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చున్న బాలరాజు దగ్గాడు. "సారు, గా రాజు బతికిండా లేదా? జెప్పనేలేదు."

"బతికాడు. గోడవైపు తిరిగి ఏడిస్తే దేవుడు ఇంకో పదిహేనేళ్ళు ఇచ్చాడు."

"నేను గూడ గోడ దిక్కే తిరిగిన," అని బాలరాజు దుప్పటి సర్దుకున్నాడు. "రేపు టీకి రా. నాకు శక్కెర లేకుంట."

పాస్టరు కనకరాజు ఇదే అదను అనుకుని, మెత్తగా గేటుకు అడ్డంగా ఉన్న డీసీఎం మాటెత్తాడు. మూడు నెలల దాకా స్టీరింగు ముట్టొద్దని డాక్టరు చెప్పాడనీ, తన బండి ఇంకొకళ్ళ చేతికివ్వడం తన ఇంటావంటా లేదనీ బాలరాజు అంతకంటే మెత్తగా చెప్పాడు. మర్నాటి నుంచి సంఘస్థులు బండికీ గోడకూ మధ్య ఉన్న సందులోంచి ఒక్కొక్కరుగా మందిరంలోకి వెళుతున్నారు. పేరు లేని చీటీలకు ప్రార్థన చేయబడదని పెట్టె మీద కొత్త కాగితం అంటించారు.

బట్టలు ఉతికేటప్పుడు జనార్ధనరావు చొక్కా జేబులో నాలుగు మడతల తెల్లటి ముద్ద ఒకటి దొరికింది. తారామణి మోకాలికి మాత్రం ఇంతవరకు ఎవరూ ప్రార్థన చేయలేదు.