ఒంటిగొంతుకు అనుమతి

మా వనువాటు దీవుల్లో మనిషి ఒంటరిగా చేపలు పట్టవచ్చు, ఒంటరిగా జబ్బు పడవచ్చు, కావాలంటే ఒంటరిగా చనిపోవచ్చు కూడా. ఒంటరిగా పాడటానికి మాత్రం పెద్దల అనుమతి కావాలి.

ఆ సంగతి తెలిసి కూడా కల్తాక్ పూనుకున్నాడు. గిటార్లు మీటుతూ పాడే మా ఊరి స్ట్రింగ్ బ్యాండులో కల్తాక్‌తో కలిపి ఏడుగురు. అందరూ బంధువులే, అందరూ ఒకేసారి గొంతు పైకెత్తి పాడతారు. ఏది ఎవరి గొంతో దేవుడికి కూడా తెలియదు (ఆయన అడగలేదు, మేం చెప్పలేదు). టొంగోవా దీవిలో ఉంటున్న కల్తాక్ తల్లి లేసావి మాత్రం, బ్యాండు పాట రేడియోలో వచ్చిన ప్రతిసారీ ఫోన్ చేసి, "ఇందులో నీ గొంతు ఏదిరా?" అని అడుగుతుంది. ఒక్కసారైనా అమ్మకు తన గొంతు వినిపించాలని అతని కోరిక. స్వాతంత్ర్య దినోత్సవానికి రేడియోవాళ్లు వస్తారు కాబట్టి, ఆ రోజు ఒక్కడే పాడతానన్నాడు. అమ్మకు మాత్రం ముందుగా చెప్పలేదు.

విషయం నకమల్‌కు చేరింది. సాయంత్రాలు కావా అనే మత్తు వేళ్ల రసం తాగుతూ ఊరి తగవులన్నీ తీర్చే చావడి అది. వెంటనే అక్కడ ఏకగాన పర్యవేక్షక సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు ఊరిపెద్ద కలోరిబ్. సభ్యులు, ఆ సమయానికి అక్కడ కావా తాగుతున్నవారందరూ.

"ఎవరితో గొడవైంది?" అన్నాడు కలోరిబ్.

"ఎవరితోనూ కాలేదు పెద్దాయనా."

"గొడవ లేందే ఎవడైనా విడిపోతాడా? ముందు క్షమాపణ తంతు జరగాలి. చాప, కావా మొక్క, పంది ఇచ్చుకోవాలి. ఆ తర్వాతే అనుమతి."

"గొడవే లేకపోతే క్షమాపణ ఎవరికి చెప్పను?"

సంఘం దీర్ఘంగా ఆలోచించి (ఇద్దరు నిద్రపోయారు), ఒక గొడవను మంజూరు చేసింది. కల్తాక్ తన మేనమామ మనాసేను తిట్టాలి. బ్యాండులో బేస్ వాయించేది ఆయనే. బోర్లించిన చెక్కపెట్టె, ఒక కర్ర, ఒక తాడు, అదే ఆయన వాయిద్యం.

కల్తాక్ లేచాడు. "మామా, నువ్వు కొంచెం లావయ్యావు."

అది సమాచారమే గాని తిట్టు కాదని సంఘం తోసిపుచ్చింది.

"మామా, నువ్వు వండింది మా పంది కూడా ముట్టదు."

"నిజమేరా, ఉప్పెక్కువేస్తా," అన్నాడు మనాసే సంతోషంగా. ఇరుపక్షాలూ ఏకీభవించినందున ఆ గొడవ చెల్లలేదు.

కల్తాక్ మూడోసారి ప్రయత్నించాడు. "మామా, నీ తాడు ఏనాడూ శ్రుతిలో లేదు."

కావా చిప్పలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఊరందరికీ తెలిసిన సంగతే, అందుకే ఎవరూ ఎన్నడూ అనలేదు.

"ముందే చెప్పొచ్చు కదరా," అన్నాడు మనాసే.

"చెబితే మానేస్తావేమోనని, మామా."

గొడవ నాణ్యమైనదేనని సంఘం ధ్రువీకరించింది. మర్నాడు చాప పరిచారు, కావా ఇచ్చారు, పంది చేతులు మారింది (దాని అభిప్రాయం ఎవరూ అడగలేదు). మేనమామ, మేనల్లుడు కావలించుకుని ఏడ్చారు. చూస్తున్న నాకూ ఏడుపొచ్చింది. అనుమతి ఒక్క షరతు మీద వచ్చింది. పాట అయ్యేదాకా మిగతా ఆరుగురూ ముందు వరుసలో నోళ్లు చేతులతో మూసుకుని కూర్చోవాలి, లేకపోతే అలవాటుకొద్దీ అందుకుంటారు.

ఆ రోజు రేడియో వ్యాఖ్యాత ముందుగా సంఘ సభ్యులందరి పేర్లూ చదివాడు. గాయకుడి పేరు చదవడానికి సమయం చాలలేదు.

కల్తాక్ చాలా బాగా పాడాడు. జనం మాత్రం ఏదో జరగరానిది జరిగినట్టు తలలు దించుకున్నారు. ఒక ముసలామె లాప్‌లాప్ అనే దుంపల రొట్టె ముక్క ఆకులో పెట్టి తెచ్చి, అతని చేతిలో పెట్టి, వీపు నిమిరి వెళ్లింది.

వేదిక దిగాడో లేదో తల్లి ఫోన్ చేసింది.

"విన్నావా అమ్మా?"

"విన్నాన్రా. ఇవాళ మీ పాట వెయ్యనే లేదు. ఎవరో కుర్రాడు ఒక్కడే పాడాడు. పాపం, వాడికి నా అనేవాళ్లు ఎవరూ లేనట్టున్నారు. ఎవరో కనుక్కుని మీ బ్యాండులో కలుపుకోండి నాయనా."