హెడ్మిస్ట్రెస్ గారి కోటు, పాప మధ్యాహ్న భోజనం

ఆ రోజు పొద్దున్న దర్జీ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదిన్నరకల్లా కూతురికి మధ్యాహ్నం తిండి కట్టి బడికి పంపాలి. సాయంత్రం నాలుగుకల్లా ఆ బడి హెడ్మిస్ట్రెస్ గారికి కోటు కుట్టి ఇవ్వాలి. కోటు బాగా కుదిరితే పిల్లల యూనిఫారాలన్నీ ఆయనకే ఇస్తానని ఆవిడ అంది. ఆ మాట విన్నప్పటినుంచి దర్జీ నేలకు జానెడు ఎత్తున నడుస్తున్నాడని వీధిలో చెప్పుకున్నారు. కళ్ళారా చూసినవాళ్ళు మాత్రం బెత్తెడే అన్నారు.

భార్య నర్సు. తెల్లవారుజామునే డ్యూటీకి వెళ్ళిపోయింది. బడి నుంచి వచ్చిన చీటీ గోడకు అంటించి ఉంది: ప్లాస్టిక్ వద్దు, రేకు కాగితం వద్దు, ఒంటికి మంచిదే పెట్టండి. దర్జీ రొట్టె ముక్కల మధ్య ఉడికించిన గుడ్డు పెట్టాడు. కీరదోస, బీట్‌రూట్ తరిగాడు. మరి దేంట్లో చుట్టాలి? దారానికి పూసే మైనం గుర్తొచ్చింది. బల్ల మీద చేతికందిన ముదురాకుపచ్చ ముక్కను చదరంగా కత్తిరించి, మైనం తురిమి చల్లి, ఇస్త్రీ పెట్టె లాగించాడు. గుడ్డ చేతిలో పడితే ముందు కత్తిరించి తరవాత ఆలోచించడం ఆయనకు పాతికేళ్ళ అలవాటు.

"భలే ఉంది నాన్నా. నీళ్ళు కూడా దిగవా?" అంది కూతురు.

"దీన్ని పడవ చేసుకుని ఏరు దాటొచ్చు తల్లీ, పద."

పదకొండు గంటలకు కోటు జోడిస్తుంటే ఎడమ చెయ్యి కనబడలేదు. బల్ల కింద, మిషను వెనక, చివరికి పిండి డబ్బాలో కూడా వెతికాడు. పక్కన సూదిలో దారం ఎక్కిస్తున్న తల్లి కళ్ళద్దాల మీంచి చూసింది.

"పొద్దున్న దానికి మైనం పూశావు కదరా."

"చూస్తూ ఊరుకున్నావా అమ్మా?"

"నీ పనిలో వేలు పెట్టొద్దని మొన్నేగా అరిచావు. పెట్టలేదు."

గుడ్డ హెడ్మిస్ట్రెస్ గారి కంట పడకముందే తెచ్చేసుకుంటే, అదే రంగుది ఎక్కడో వెతికి కొత్త చెయ్యి కుట్టొచ్చు. పాప తిండి మార్చి పెట్టడానికి దర్జీ స్టీలు డబ్బా ఒకటి చంకలో పెట్టుకుని బడికి పరుగెత్తాడు. గేటు దాటగానే టీచరమ్మ ఎదురొచ్చింది.

"మీకే ఫోన్ చేయబోతున్నా. పాప గుడ్డ ఐదు తరగతులు తిరిగొచ్చింది. ఎలా చేశారో పిల్లలకు చెబుదురుగాని, రండి."

"అబ్బే, అదేదో పాత గుడ్డండీ. ఇచ్చేస్తే పట్టుకుపోతా."

"పాత గుడ్డతోనా? మరీ మంచిది. చూశారా పిల్లలూ, ఏదీ పారేయకపోవడమంటే ఇదీ."

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన వద్దంటున్నకొద్దీ వినయం అనుకుని ఇంకా కొట్టారు. ఆ మోతకు మేడ మీది గదిలోంచి హెడ్మిస్ట్రెస్ గారే దిగివచ్చింది.

ఆవిడ గుడ్డను వేళ్ళతో నలిపి చూసింది. ఒకవైపు బీట్‌రూట్ మరక. తిరగేసింది. రెండోవైపు దర్జీ సుద్దతో రాసుకున్న గుర్తు, మైనం కింద చెక్కుచెదరకుండా ఉంది: 'హెడ్మిస్ట్రెస్ గారి కోటు, ఎడమ చెయ్యి.'

"నాలుగింటికి కోటు పట్టుకుని నా గదికి రండి" అంది. మొహంలో ఏమీ తెలియలేదు.

నాలుగింటికి దర్జీ ఒంటిచేతి కోటుతో వెళ్ళి నిలబడ్డాడు. యూనిఫారాల మీద ఆశ మెట్ల దగ్గరే వదిలేసి వచ్చాడు.

"తలుపు వేయండి."

వేశాడు. "తప్పైపోయిందమ్మా. అలాంటి గుడ్డే ఎక్కడున్నా వెతికి తెచ్చి..."

"తేకండి." ఆవిడ గొంతు తగ్గించింది. "అది మా అత్తగారిచ్చిన గుడ్డ. మూడేళ్ళు కుట్టించకుండా ఏదో ఒక వంక చెప్పి నెట్టుకొచ్చా. వేసుకుంటే బీరువాకు ముసుగేసినట్టు ఉంటాను. ఆదివారం ఆవిడ వస్తున్నారు, కోటు చూడాలట. మిగతాది కూడా ఇలాగే మైనం పూసేయగలరా?"

దర్జీ కోటును బల్ల మీద బోర్లా పరిచి జానతో కొలిచాడు. "వీపు ముక్కలోనే ఆరు వస్తాయండీ" అన్నాడు.

"సంతోషం. యూనిఫారాలూ మీరే కుట్టండి. వాటికి మాత్రం మైనం వద్దు."

ఆదివారం అత్తగారు వచ్చి కోటేదని అడిగితే, "బడి పిల్లలకు పంచేశానత్తయ్యా" అంది ఆవిడ. కోడలి మంచి మనసుకు అత్తగారు కళ్ళు ఒత్తుకుంది. ఊరికి వెళ్ళిన వారంలోనే మళ్ళీ గుడ్డ పంపింది, ఈసారి కొడుక్కీ కలిపి.