ఏడు చీటీల చివరి అధ్యాయం

దర్జీ ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. నవల చివరి అధ్యాయాన్ని భార్య చేతికిస్తాడు. మధ్యాహ్నానికల్లా ఆవిడ గుండ్రటి అక్షరాలతో సాఫు ప్రతి రాసేస్తుంది. అది పట్టుకుని నాలుగింటి లోపు ప్రచురణ సంస్థకు వెళ్తాడు. అంతే.

నవల అప్పటికే మూడుసార్లు తిరిగొచ్చింది. మూడుసార్లూ సంపాదకురాలు మొదటి పేజీ అంచున ఎర్ర సిరాతో రాసింది ఒకే మాట: "బాధ ఎక్కువైంది. కత్తిరించండి." ఇరవై ఎనిమిదేళ్లుగా కత్తెర పట్టుకుని బతుకుతున్నవాడికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. మూడోసారి మాత్రం ఆవిడ కాస్త మెత్తబడి, మిగతాదంతా ఎలాగో భరించవచ్చు, ముగింపు మార్చి తెండి, నచ్చితే వేస్తాం, లేదంటే ఇక తేవద్దు అంది. ఈ ఏడాది పుస్తకాల జాబితా ఇవాళ నాలుగింటికి మూసేస్తారట. ఆరేళ్ల రాత ఆ గడువు మీద వేలాడుతోంది.

దర్జీకి నోటుపుస్తకంలో రాయడం రాదు. ఏడో తరగతిలో బడి మానేసినవాడికి గీతల కాగితం చూస్తే ఇప్పటికీ వీపు జలదరిస్తుంది, వెనక ఎవరో నిలబడి తప్పులు ఎంచుతున్నట్టు. అందుకే కొలతల చీటీల వెనకవైపు రాస్తాడు. ముందువైపు కొలతలు బాల్ పెన్నుతో, వెనక నవల సిరా పెన్నుతో. సాహిత్యానికి బాల్ పెన్ను పనికిరాదని ఆయన నమ్మకం. మామూలుగా అయితే కుట్టడం అయిపోయిన బట్టల చీటీలే వాడతాడు. కానీ పోయినవారం ముగింపు ఒక్కసారిగా పొంగుకొచ్చింది. ఎదురుగా ఇంకా కుట్టాల్సిన బట్టల చీటీలు ఏడున్నాయి. ఏడింటినీ నింపేసి కత్తెర కింద పెట్టాడు.

ఇవాళ తొమ్మిదిన్నరకి చూస్తే కత్తెర ఉంది, కింద చీటీల్లేవు.

ఇస్త్రీ బల్ల దగ్గర బావమరిది తీరిగ్గా చేతులు తుడుచుకుంటున్నాడు. ఇస్త్రీ, బట్టలు ఇచ్చిరావడం అతని పని.

"చీటీలేవిరా?"

"జేబుల్లో పెట్టేశాను బావా."

"ఎవరి జేబుల్లో?"

"ఎవరి బట్టలు వాళ్ల జేబుల్లో. చొక్కాలు తారుమారైనప్పుడు నువ్వే కదా అరిచావు, చీటీ లేకుండా బట్ట గడప దాటకూడదని. పొద్దున్నే వెళ్లి ఇచ్చొచ్చేశాను కూడా."

పన్నెండేళ్లలో బావమరిది చెప్పిన పని చెప్పినట్టు చెయ్యడం అదే మొదటిసారి.

భార్య ధైర్యం చెప్పింది. మీరు రాసిందే కదా, గుర్తుతెచ్చుకుని చెప్పండి, నేను రాసుకుంటాను అంది. దర్జీ కళ్లు మూసుకుని మొదటి వాక్యం చెప్పాడు. "గేటు దగ్గర చీకటి పడింది." కాసేపాగి మళ్లీ అదే చెప్పాడు. మూడోసారి కూడా గేటు దగ్గర చీకటే పడింది.

"పడిందిలెండి. తరవాత?" అంది ఆవిడ.

తరవాత ఏమీ లేదు. బుర్రలో కూడా చీకటే. ఇక చీటీలు వెతకడం తప్ప దారిలేదు. బావమరిది స్కూటరేసుకుని నాలుగిళ్లకి పోయాడు. దర్జీ మిగిలిన మూడింటికి కాళ్లకు పనిచెప్పాడు.

మొదటి ఇల్లు రిటైరైన పోస్ట్‌మ్యాన్‌ది. ఒంటరి మనిషి. చీటీ చేతిలోనే పెట్టుకుని వాకిట్లో కూర్చున్నాడు. దర్జీ అడగ్గానే, ఇంకొక్కసారి చూసుకుని నాలుగు మడతలు పెట్టి ఇచ్చాడు.

"బాగా రాస్తారు మాస్టారూ" అన్నాడు, ఎటో చూస్తూ.

ఆరేళ్లలో దర్జీకి దక్కిన మొదటి మెచ్చుకోలు అది. ఆ ఊపులో బ్యాంకు వరకూ పరుగులాంటి నడక నడిచాడు. ఊపు అక్కడితో సరి.

బ్యాంకు గుమాస్తా మెట్ల మీద కూర్చుని ఉన్నాడు, పని వేళలో. ఆయనకొచ్చింది రెండో చీటీ. నవలలో రైల్వే గేటు కాపలావాడు, తన కాపురం కూల్చిన అన్నతో అనే మాటలు అందులో ఉన్నాయి: "నువ్వు చేసిన పని నాకు తెలుసు. సాయంత్రం లోపు నీ నోటితో నువ్వే ఒప్పుకో." గుమాస్తా పదింటికి జేబులో చేయి పెట్టాడు. పదీ పదికి మేనేజరు గదిలోకి వెళ్లి, అయిదేళ్లుగా మేనేజరు మీద పై ఆఫీసుకు ఆకాశరామన్న ఉత్తరాలు రాస్తున్నది తనేనని ఒప్పేసుకున్నాడు. అప్పటిదాకా మేనేజరుకు అలాంటి ఉత్తరాలున్నట్టే తెలీదు.

"ఇది కథా?" అన్నాడు గుమాస్తా, దర్జీ చెప్పిందంతా విని.

"కథేనండి. తమ్ముడు అన్నతో అంటాడు."

"అంటే వాళ్లింట్లో అనుకోవాలి. నా జేబులో అనడమేంటయ్యా?"

గుమాస్తా ఒక షరతు పెట్టాడు. ఆ అన్న చేసింది తప్పే అయినా చివర్లో తమ్ముడు అతన్ని క్షమించాలి, అలా రాస్తానని ఒట్టేస్తేనే చీటీ ఇస్తాడట. దర్జీ ఒట్టేశాడు. గుమాస్తా చీటీ ఇవ్వబోయి, తిప్పి ముందువైపు చూపించాడు.

"మరి ఇదేంటి? 'నడుము 38. పైకి 36 అనాలి.' ఇన్నేళ్లూ నన్ను మభ్యపెడుతున్నావన్నమాట."

"మీరు బాధపడతారని..."

"ఇది మూడో కంటికి కనిపించిందో, చూసుకో మరి" అంటూ చీటీ చేతిలో పెట్టాడు.

పదకొండున్నరకి మందుల షాపు దగ్గరికి చేరేసరికి షట్టరు దించి ఉంది. షాపాయన కొత్త చొక్కాతో రోడ్డు మీద నిలబడ్డాడు. ఆయన వెనక మందుల చీటీలతో పదిమంది. షాపు తాళాలతో సహా భార్య పైనున్న ఇంటికి వెళ్లిపోయి మేడమెట్ల తలుపు వేసుకుందట. నాలుగో చీటీ ఆవిడ చేతిలో పడింది. "నువ్వు లేని ఇంట్లో ముద్ద దిగడం లేదు. ఎవరేమనుకున్నా సరే, వచ్చెయ్."

దర్జీ కిందినుంచి గొంతెత్తాడు. "అది రాసింది నేనేనమ్మా."

కిటికీ తెరుచుకుంది. "మా ఆయనకా?"

పదిమందీ షాపాయన వైపు, తరవాత దర్జీ వైపు చూశారు. అక్కడినుంచి తప్పించుకునే దారి ఒక్కటే కనిపించింది. మెట్ల మీద నిలబడి నవల మొదటి అధ్యాయం నుంచి చెప్పడం మొదలెట్టాడు. రెండో అధ్యాయానికి పదిమందీ అరుగు మీద కూర్చున్నారు. అయిదో అధ్యాయంలో గేటు కాపలావాడి భార్య ఇల్లు వదిలి పోయేసరికి ఆవిడ కళ్లు తుడుచుకుంటూ కిందికి దిగొచ్చింది. ఎనిమిదో అధ్యాయంలో దగ్గుమందు కోసం వచ్చినాయన దగ్గితే అందరూ కసిరారు. రెండున్నరకి కథ చివరి అధ్యాయం ముందు దాకా వచ్చి ఆగింది.

"ఆ పిల్ల తిరిగొస్తుందా అన్నయ్యగారూ?"

"వస్తుందమ్మా."

"రాకూడదు. వస్తే ఆ మొగుడికి బుద్ధెప్పుడొస్తుంది?" అంది ఆవిడ, సొంత మొగుడి వైపు చూస్తూ. "రాదని రాయండి. చీటీ ఇచ్చేస్తాను."

దర్జీ దానికీ సరేనన్నాడు. ఒక అన్నకి క్షమాభిక్ష, ఒక భార్యకి స్వేచ్ఛ రాసిచ్చి, మూడు చీటీలు గుప్పిట్లో నలుపుకుంటూ మూడుంబావుకి దుకాణంలో పడ్డాడు. బావమరిది మిగతా నాలుగూ తెచ్చాడు. వాటిని ఎవరూ చూసుకోలేదట. సాఫు ప్రతికి టైము లేదు. చీటీలే ఇచ్చేద్దాం అనుకుని దర్జీ మొహం కడుక్కోవడానికి లోపలికి వెళ్లాడు.

వచ్చేసరికి దుకాణంలో ఆవిరి కమ్ముకుని ఉంది. బావమరిది పొద్దుటి తప్పుకు ప్రాయశ్చిత్తం చేసుకుంటున్నాడు. నలిగిన కాగితాలు పెద్దవాళ్లకి ఎలా ఇస్తాం అనుకున్నాడు. నలిగినదాన్ని బాగుచెయ్యడానికి అతనికి తెలిసింది ఒకటే పని. ఏడు చీటీల మీదా నీళ్లు చిలకరించి, వేడి పెట్టె పెట్టి గట్టిగా రుద్దాడు.

చీటీలు కొత్త చొక్కా కాలరులా నిలబడ్డాయి. వెనకవైపు సిరా మొత్తం ఇస్త్రీ గుడ్డకి దిగిపోయి నీలంగా అలుక్కుపోయింది. ముందువైపు బాల్ పెన్ను చెక్కుచెదరలేదు.

"మరక ఒక్కటీ లేదు చూడు బావా" అన్నాడు.

దర్జీ అరవలేదు. అరిచే ఓపిక మందుల షాపు మెట్ల మీదే అయిపోయింది. భార్య ఏడు చీటీలూ వరసలో పెట్టి చేతికిచ్చింది. "అధ్యాయం ఉండేదని సాక్ష్యమైనా చూపించండి. వారం గడువడగండి" అంది.

నాలుగింటికి అయిదు నిమిషాలుండగా సంపాదకురాలి బల్ల ముందు నిలబడ్డాడు. చెమటకి చొక్కా వీపుకంటుకుంది. "మేడమ్, జరిగిందేమిటంటే..." అనేలోపే ఆవిడ చేయి చాపింది. చీటీలు తీసుకుంది. కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టింది.

"మందుల షాపు. ఛాతీ 42. కుడి భుజం ఒకంగుళం కిందికి. ఎత్తు వేసి కుట్టాలి, తెలీనివ్వొద్దు."

"బ్యాంకు గుమాస్తా. నడుము 38. పైకి 36 అనాలి."

ఆవిడ ఆఖరి చీటీ దగ్గర ఆగింది.

"పోస్ట్‌మ్యాన్. నడుము 30. పోయినసారి 34. అడగొద్దు."

గదిలో గోడ గడియారం కొట్టుకుంటోంది. ఆవిడ చీటీ కింద పెట్టి కళ్లజోడు తీసి, చీర కొంగుతో అద్దాలు తుడిచింది. మళ్లీ తుడిచింది.

"మూడుసార్లు కత్తిరించమన్నాను. ఇన్నాళ్లకు కత్తిరించారు. గేటు కాపలావాడు, అన్న, భార్య అందరూ పోయి ఇవి మిగిలాయి చూడండి. ఇదీ ముగింపంటే" అంది.

ఇవాళ పొద్దున పోస్ట్‌మ్యాన్ ఏ వైపు చదివి మెచ్చుకున్నాడో దర్జీకి అప్పుడు అర్థమైంది. ఆరేళ్లుగా తను ఏ వైపు రాశాడో, చదవాల్సింది ఏ వైపు ఉందో కూడా. నిజం చెప్పాలని నోరు తెరిచాడు. నాలుగైంది. ఆవిడ జాబితాలో ఆయన పేరు రాసేసింది.

"ఇక ఒక్క అక్షరం కూడా కలపకండి" అంది.

దర్జీ నోరు మూసుకున్నాడు.

మూడు నెలలకి పుస్తకం వచ్చింది. చివరి అధ్యాయంగా ఏడు కొలతల చీటీలూ ఉన్నవి ఉన్నట్టే అచ్చయ్యాయి. అన్నని ఎవరూ క్షమించలేదు గానీ, భార్య తిరిగిరానందుకు మందుల షాపావిడ సంతోషించి రెండు కాపీలు తీసుకుంది. గుమాస్తా మాత్రం వేరే దర్జీని చూసుకున్నాడు. అక్కడ ఆయన నడుము ముప్పై ఆరేనట.