చావు మైకు మీద శరణమ్మ పాట

మైకు లేకుండా పెళ్లి చేసుకోవచ్చు, మైకు లేకుండా చనిపోనూవచ్చు. చట్టం అడ్డురాదు. అయితే జహీరాబాద్‌లో పరువు గల వాళ్లెవరూ అంత పని చేయరు. మా ఊళ్లో మైకు అంటే పాడేవాళ్ల నోటి ముందుండే వస్తువు కాదు. మిద్దె మీద కట్టి నాలుగు వాడలను నిద్ర లేపే రేకు బాకా. నోటి ముందుండే దానికి పేరే లేదు (దాన్ని ఎవరూ పట్టించుకోలేదు).

1984లో పప్పు మిల్లు గుమాస్తా బసవరాజ్ ఈ సంగతి మరిచిపోయి మైకు అద్దెకు తేవడానికి బయలుదేరాడు. అతని భార్య శరణమ్మ తిరగలి ముందు పాడితే పక్కింటివాళ్లు రేడియో కట్టేసేవారు. తన గొంతు బయటివాళ్లకు ఎలా వినిపిస్తుందో ఒక్కసారి వినాలని ఆమె కోరిక. రేడియోవారు పల్లెపాటలు క్యాసెట్ చేసి తెమ్మన్నారు కనుక ఆ ముచ్చట రేడియోలోనే తీర్చాలని బసవరాజ్ పట్టుదల. బావమరిది టేప్‌రికార్డర్ ఇచ్చాడు గానీ, దాని సొంత మైకులో శరణమ్మ కంటే బొంబాయి రోడ్డు లారీలే బాగా పాడాయి.

సౌండ్ సర్వీస్ రామ్‌కిషన్ అడిగాడు. "పెండ్లా, సావా?"

"రెండు గాదన్నా. ఇంట్ల పాట రికార్డు చేస్తం. చిన్న మైకు చాలు."

"ఏదైనా బాకాతోనే పోతది. పర్మిషన్ తే. పెండ్లి మైకు జర మెరుస్తది. సావు మైకు నిమ్మళంగ వింటది. ఆడమనిషి గొంతుకు సావుదే మంచిగుంటది."

మైకు ఎంపికలోని శాస్త్రం అంతటితో ముగిసింది.

ధ్వని పర్మిషన్ల అధికారి చెన్నబసప్ప గారి దగ్గర ఉన్నవి రెండే పద్దులు: శుభం, అశుభం.

"ఎంత దూరం వినబడాలె?" అన్నారాయన.

"అసలు వినబడొద్దు సార్. తలుపులు మూసి, గోడలకు బొంతలు కట్టి పాడుతది."

చెన్నబసప్ప కలం కింద పెట్టారు. "మైకు పెట్టి, తలుపులు మూసి, ఎవ్వరికి వినబడకుండనా? మీ ఇంట్ల ఏం నడుస్తున్నదయ్యా?"

మైకు మోగితే పర్మిషన్ కావాలి, మోగకపోతే విచారణ కావాలి. చాలాసేపు బతిమాలాక అశుభం కింద పర్మిషన్ దొరికింది. నిశ్శబ్దం సక్రమంగా అమలవుతున్నదీ లేనిదీ స్వయంగా వచ్చి చూస్తానని అధికారి సెలవిచ్చారు.

అశుభం అన్న మాట బసవరాజ్ కంటే ముందే వాడకట్టుకు చేరింది. రికార్డింగ్ పెట్టుకున్న ఆదివారం అందరూ భుజాన తువ్వాళ్లతో దిగులుగా వచ్చారు. ఎవరూ పోలేదని తెలిసి కొంత నొచ్చుకున్నారు గానీ, వచ్చినవాళ్లు మాత్రం లేవలేదు. పొరుగువాణ్ని కనుక నేనూ లేవలేదు.

బసవరాజ్ టేపు బటన్ నొక్కాడు. మైకు కనిపించాక దానికి "హలో" చెప్పకుండా ఉండగలిగిన మగవాడు మా తాలూకాలో ఇంకా పుట్టలేదు. ముందు రామ్‌కిషన్ "హలో, హలో, మైక్ టెస్టింగ్" అన్నాడు. తర్వాత చెన్నబసప్ప నిశ్శబ్ద నిబంధనలను బిగ్గరగా వివరించారు. వాడకట్టు పెద్ద గురులింగప్ప ఆయనకు ధన్యవాదాలు చెప్పాడు. ఆ ధన్యవాదాలకు చెన్నబసప్ప కృతజ్ఞతలు తెలిపారు. ఆపైన శరణమ్మ తెచ్చిన చాయ్ తాగి బసవరాజ్ ఆమె గొంతు ఎంత గొప్పదో చాలాసేపు చెప్పాడు. నేనూ రెండు ముక్కలు మాట్లాడాను (కోరారు కనుక).

"ఇగ నేను పాడాల్నా?" అంది శరణమ్మ.

పాడింది. నిజం చెబుతున్నాను, అంత చక్కని పాట నేను మళ్లీ వినలేదు. చెన్నబసప్ప కళ్లు తుడుచుకున్నారు. టేపు ఎప్పుడో అయిపోయి బటన్ పైకి లేచిన సంగతి మాలో ఒక్కరూ చూడలేదు.

"ఒక్కసారి వినిపియ్యున్రి," అని భర్తను అడిగిందామె.

"ఊకె వింటె టేపు అరుగుతది. రేడియోల వింటువు తియ్," అన్నాడు బసవరాజ్.

మర్నాడు హైదరాబాద్ బస్సెక్కి క్యాసెట్ తీసుకుపోయాడు. రేడియో అధికారి మొదటి నుంచి చివరిదాకా ఓపికగా విన్నారు.

"రికార్డింగ్ చాలా శుభ్రంగా ఉందండీ. ఉపన్యాసాల కార్యక్రమంలో వేసుకుంటాం. ఒక్కటే లోపం. మధ్యలో ఎవరో ఆడమనిషి 'చాయ్ తాగున్రి' అంటోంది. అది తీయించి తెండి."