కొత్త కోర్టులో మొదటి బస్తా

అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి, మా ఆయన పోయిన తర్వాత. ఒత్తులు తప్పితే మన్నించండి. నెమ్మదిగా రాస్తాను, మీరూ నెమ్మదిగా చదవండి.

న్యాయశాఖ మంత్రిగారు కొత్త కోర్టు భవనం రిబ్బను కత్తిరించి ప్రకటించారు: "ఇకపై న్యాయం కోసం ఎవరూ తిరగనక్కర్లేదు. కింద మేజిస్ట్రేటు, మధ్యలో సెషన్స్ జడ్జి, పైన అప్పీలు జడ్జి. మెట్లెక్కితే చాలు."

మాకు కళ్ళు చెమర్చాయి.

ఆ భవనం కట్టిన తాపీమేస్త్రుల్లో మా మరిది ఒకడు. మిగిలిన సిమెంటు బస్తా ఇంటికి తెచ్చాడని ఆ సాయంత్రమే పోలీసులు పట్టుకెళ్ళారు. కొత్త కోర్టుకు మొదటి ముద్దాయి అతనే. అంతటి గౌరవం మా ఇంటికి ఎన్నడూ దక్కలేదు.

బెయిలు కోసం లాయరుతో కలిసి వెళ్ళాను.

మేజిస్ట్రేటుగారు నిదానస్తులు. "నావి చిన్న నేరాలమ్మా. ఇది ప్రభుత్వ సిమెంటు. నా స్థాయికి మించినది. పైకెళ్ళండి" అన్నారు.

సెషన్స్ జడ్జిగారు ఇంకా గొప్పవారు. "శవం ఎక్కడ?" అన్నారు.

"శవం లేదండి, బస్తా."

"నేను హత్యలు చూసేవాణ్ణి. బస్తాలు కిందే."

అప్పీలు జడ్జిగారు మహా మర్యాదస్తులు, కూర్చోమన్నారు కూడా. "కిందివాళ్ళు తప్పు తీర్పు ఇస్తే నేను దిద్దుతాను. ముందు ఒక తప్పు తీర్పు పట్టుకురండి."

జైలు ఊచల వెనక నుంచి మరిది అడిగాడు, "ఏమన్నారు వదినా?"

"అందరూ బాగా మాట్లాడారు నాయనా."

"మరి నేనెప్పుడు వస్తాను?"

"అదొక్కటే ఎవరి పరిధిలోనూ లేదుట."

అంతలో మంత్రిగారి మీదే కేసు పడింది. ఆ భవనం సిమెంటు లారీలకు లారీలే మాయమైందట. లాయరు పరుగెత్తుకొచ్చాడు.

"పెద్దమ్మా, మీవాడు చిన్న దొంగ కావడమే చిక్కు. ప్రమోషన్ ఇప్పిద్దాం. అదే భవనం, అదే సిమెంటు. రెండు కేసులూ కలిపెయ్యమని అడుగుతాను."

"పరువు పోదూ?"

"పోతే మంత్రిగారిది పోతుంది. ఆయనకి అలవాటే."

కలిపారు. మొదటి ముద్దాయి మంత్రిగారు, రెండో ముద్దాయి మా మరిది.

బెయిలివ్వడం తన పనేనని మేజిస్ట్రేటుగారు కలం తీశారు. కాదు, తనదేనని సెషన్స్ జడ్జిగారు కిందికి దిగారు. అప్పీలు జడ్జిగారు లిఫ్టు కోసం కూడా ఆగలేదు, మెట్లు దిగుతూనే ఉత్తర్వు చెప్పి రాయించారు. ఇద్దరికీ మూడేసి బెయిళ్ళు వచ్చాయి.

బయట కార్యకర్తలు ఎవరు మంత్రో చూసుకోకుండా ఇద్దర్నీ భుజాలకెత్తుకున్నారు.

"వదినా, ఇంటికి పోదాం" అన్నాడు మరిది, దండల్లోంచి.

మంత్రిగారు అతని భుజం తట్టారు. "ఇంటికా? ఇంకా చాలా కోర్టులు కట్టాలి తమ్ముడూ."

ఇట్లు,
మేస్త్రి వదిన, వయసు అరవై మూడు,
ప్రస్తుతం నివాసం: మరిదిగారి కొత్త మేడ, పై అంతస్తు.